రెండో అంతస్తు మీటరు

పోయిన వారం బొత్తాలక్కను మెట్ల కింద, చేతిలో ఫ్యూజుతో నిలబెట్టి వదిలేశాం. ఆవిడ ఇంకా అక్కడే ఉంది.

కొత్తగా చదువుతున్నవాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాను. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి, ఊడిపోయిన బొత్తాలు ఊరికే కుట్టిపెట్టి ఆ పేరు తెచ్చుకున్న మనిషి బొత్తాలక్క. రెండో అంతస్తులో రెండు గదుల వాటాలో అద్దెకుంటోంది. ఇంట్లో ఒక కుట్టుమిషను, రెండు లైట్లు, ఒక ఫ్యాను, మంచం పట్టిన మామగారికి పగలూ రాత్రీ గాలి అందించే ఆక్సిజన్ మిషను. అంతకుమించి కరెంటు తాగేది ఏదీ లేదు. అయినా ఓనరు నెలనెలా పంపే కరెంటు చీటీలో అంకె మాత్రం ఏ హోటలుదో అన్నట్టు ఉంటుంది. అసలు బిల్లు చూపించమని మూడు నెలలుగా అడిగింది. రేపు రేపు అంటూ ఆయన దాటేశాడు. చివరికి ఆ రోజు మధ్యాహ్నం మామగారికి చిన్న సిలిండరు తగిలించి, ఇంట్లో ఉన్నవన్నీ ఆపేసి కిందికి దిగింది. మెట్ల కింద బోర్డులో తమ మీటరు అంకెలు ఆగలేదు. పరిగెడుతూనే ఉన్నాయి. ఫ్యూజు పట్టుకుని లాగేసింది. గోడ అవతల ఓనరుగారి లాండ్రీలో బట్టలారబెట్టే పెద్ద మిషను మూలుగుతూ మూలుగుతూ ఆగిపోయింది.

లాండ్రీ వెనక తలుపు తెరుచుకుంది.

తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ ఓనరు బయటికొచ్చాడు. అరవై దాటిన మనిషి. మూడేళ్ళలో ఆయన గొంతు పెంచగా బొత్తాలక్క ఒక్కసారీ వినలేదు. మొదటి రోజే "నన్ను బాబాయి అనుకోమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి అలాగే పిలుస్తోంది.

"ఏమ్మా, కరెంటు పోయిందా?"

"పోలేదు బాబాయిగారూ. నేనే తీశాను." మూడు రోజులుగా అనుమానంతో కుట్టుమిషను ముందు కూర్చుని వల్లె వేసుకున్న మాట ఒక్కసారిగా బయటికొచ్చింది. "మీ మిషను మా మీటరు మీద తిరుగుతోంది."

ఆయన ఆవిడ చేతిలో ఉన్న ఫ్యూజును చూశాడు. తర్వాత మెట్ల వైపు తలెత్తి చూశాడు.

"పైన పెద్దాయనకో?"

"సిలిండరు పెట్టి వచ్చాను."

"ఎంతసేపు వస్తుంది?"

"అరగంట."

"నువ్వు దిగి పది నిమిషాలైనా అయ్యుంటుంది. ముందు అది పెట్టెయ్యమ్మా. మాటలెక్కడికి పోతాయి, తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఊపిరి అట్లా కాదు కదా."

చూసేవాళ్ళెవరైనా ఉంటే ఎంత దయగల మనిషో అనుకునేవాళ్ళు. పైగా ఆయన చెప్పింది నిజం. బొత్తాలక్క ఫ్యూజు మళ్ళీ దాని చోట పెట్టింది. గోడ అవతల మిషను ఒక్క కుదుపుతో లేచి తిరగడం మొదలుపెట్టింది. దొంగను పట్టుకుని, తాళంచెవి మళ్ళీ తన చేత్తోనే వాడి చేతిలో పెట్టినట్టయింది.

"రామ్మా లోపలికి, రెండు నిమిషాలే. ఇక్కడ దోమలు."

లాండ్రీలో ఎప్పుడూ ఎండాకాలమే. హోటళ్ళ నుంచి వచ్చిన తెల్ల దుప్పట్లు మనిషెత్తు గుట్టలుగా పోసి ఉన్నాయి. సబ్బు వాసన, ఆవిరి, కాలిన ఇస్త్రీ బట్ట వాసన. గోడ వారగా ఆ మిషను, గుండ్రటి అద్దం తలుపు వెనక దుప్పట్లను ఎగరేస్తూ, దించుతూ. బొత్తాలక్క దాన్ని చూస్తూ నిలబడింది. దుప్పటి ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా మెట్ల కింద తన మీటరులో ఎంత తిరుగుతోందో అనిపించింది.

"అద్దెదారుల సహాయ కేంద్రానికి వెళ్ళాను బాబాయిగారూ," అంది. "ఓనరు అసలు బిల్లు చూపించి తీరాలన్నారు. మేము వాడని కరెంటుకు మమ్మల్ని కట్టమనకూడదన్నారు. ఖాళీ చేయించడానికి కరెంటు తీసినా తప్పేనన్నారు."

"నిజమే చెప్పారు."

అడ్డం తిరుగుతాడనుకుంది. బుకాయిస్తాడనుకుంది. దానికి జవాబులు సిద్ధం చేసుకుని వచ్చింది.

"నేనెప్పుడైనా కాదన్నానా? నువ్వడగలేదు, నేను చెప్పలేదు. ఈ మిషను మీ మీటరు మీదే ఉంది. మీరు దిగిన రోజు నుంచీ ఉంది. సరే, ఎవరు కలిపారో అడగవేం?"

"మీరే."

ఆయన చిన్నగా నవ్వాడు. "నాకు బల్బు మార్చడం కూడా రాదమ్మా. మా ఆవిడ మారుస్తుంది."

బల్ల సొరుగు లాగి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో మడతలు పడ్డ కాగితం. దాన్ని ఆవిడ చేతికివ్వలేదు. బల్ల మీద పరిచి, అంచు మీద అరచెయ్యి ఆనించి, చూడమన్నట్టు పక్కకు జరిగాడు.

పెన్సిలుతో గీసిన బొమ్మ. కింద లాండ్రీ, పైన ఒకదాని మీద ఒకటి వాటాలు, మెట్ల కింద బోర్డు, అక్కడి నుంచి ఇటూ అటూ గీతలు. బొత్తాలక్కకు కరెంటు పని తెలియదు. కానీ ఆ అంకెలు తెలుసు. ఏడు మధ్యలో అడ్డగీత. కొలతల చీటీల మీద ఏడును ఒకటి అనుకుని ఒకసారి తను చొక్కా పొట్టిగా కత్తిరిస్తే, ఇకమీదట ఇలా రాస్తానని నవ్విన మనిషి రాసిన ఏడు. కింద లైసెన్సు నంబరు, దాని పక్కన పొడుగ్గా సాగి కొస వంగిన సంతకం.

ఆయన సంతకం. ఆవిడ భర్తది.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టుకున్నావమ్మా, మెచ్చుకోవాలి." ఓనరు గొంతులో వెటకారం లేదు, అదే భయం పుట్టించింది. "నువ్వు ఫిర్యాదు ఇయ్యి. నాకేమవుతుంది? తిరిగి కట్టమంటారు, కడతాను. జరిమానా వేస్తే అదీ కడతాను. మీ ఆయనకు ఎలక్ట్రీషియన్ లైసెన్సు పోతుంది. అతను పనిచేసే లిఫ్టుల కంపెనీ, లైసెన్సు లేనివాణ్ణి లిఫ్టు ముట్టుకోనివ్వదు. ఆ తర్వాత ఇల్లు. నా దగ్గరికి వచ్చేముందు ఎన్ని ఇళ్ళు తిరిగొచ్చారు మీరు?"

ఆవిడ తిరుగుతున్న మిషను వైపు మొహం తిప్పుకుంది.

"పదకొండు. మీ ఆయనే చెప్పాడు. ఆ ఆక్సిజన్ మిషను రోజంతా నడుస్తుందంటే ఒక్కడూ గేటు తియ్యలేదు. నేను తీశాను. అడ్వాన్సు కూడా అడగలేదు. ఇప్పటిదాకా పెద్దాయన మిషను నావల్ల ఒక్క నిమిషం ఆగిందా?"

ఇప్పటిదాకా. ఆ ఒక్క మాటను ఆయన మిగతా మాటలకంటే నెమ్మదిగా అన్నాడు. కాగితం మడిచి కవర్లో పెట్టాడు.

పదకొండిళ్ళూ బొత్తాలక్కకు గుర్తే. ఒకావిడ వైర్లు కాలిపోతాయంది. ఇంకొకాయన, మొహమాటం కూడా లేకుండా, "మీ మామగారు ఇంకెన్నాళ్ళుంటారంటారు?" అని అడిగాడు. ఎవరైనా పోయిన ఇంటికి మళ్ళీ అద్దెకు రారట.

ఆవిడ మెట్లెక్కింది. ఆ మెట్లకు కిటికీ లేదు. పట్టపగలు కూడా మలుపులో లైటు వెలుగుతూనే ఉంటుంది. ఆ లైటు కింద, మడిచిన తువ్వాలు మీద, ఒళ్ళో నోటుపుస్తకాల కట్టతో టీచరమ్మ కూర్చుని ఉంది. మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటుంది. కరెంటు చీటీకి భయపడి ఇంట్లో లైటు ఆర్పేసి, బడి నుంచి తెచ్చిన పుస్తకాలు మెట్ల మీద కూర్చుని దిద్దుకుంటుంది. "మెట్ల లైటు ఎవరి సొమ్మమ్మా, ఊరికే వెలుగుతోంది, వాడుకుంటే తప్పేముంది" అంటుంది. సహాయ కేంద్రం సంగతి కనుక్కున్నదీ, ఫారం తెచ్చి నింపిందీ ఆవిడే.

"ఏమన్నాడు?" అంది ఎర్ర పెన్ను పైకెత్తి.

"ఆలోచిస్తానన్నారు టీచర్ గారూ."

టీచరమ్మకు తను చెప్పిన మొదటి అబద్ధం అది. నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి బొత్తాలక్కకే ఆశ్చర్యమేసింది.

"ఆలోచించేదేముంది, లెక్కలు దిద్దేదాన్ని నేను, ఆయనెందుకు ఆలోచిస్తాడు? రేపు పదింటికి ఇద్దరం వెళ్ళి ఇచ్చేద్దాం. మొహం అట్లా పెట్టకు. మనం తప్పు చేయలేదు."

మనం. బొత్తాలక్క తలూపి, గోడ వైపు ఒదిగి పైకెళ్ళిపోయింది.

సిలిండరు తీసి మామగారికి మళ్ళీ మిషను గొట్టం తగిలించింది. దుప్పటి సర్దింది. ఆయన కళ్ళతోనే ఏమైందని అడిగాడు. "ఏం లేదు మామయ్యా, పడుకోండి" అని తెర లాగేసింది. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క చాటు ఆ తెర. గుసగుసగా పోట్లాడుకున్నా ఆయనకు వినపడుతుంది. ఆయనకు వినపడకూడదని మూడేళ్ళుగా మొగుడూ పెళ్ళాం పోట్లాడుకోవడమే మానేశారు.

నోటితో ఎలా అడగాలో ఆవిడకు తెలియలేదు. నల్ల గుడ్డ ఒకటి బల్ల మీద పరిచి, బట్టల మీద గుర్తులు పెట్టే సుద్దముక్క తీసుకుంది. కింద లాండ్రీ, పైన వాటాలు, మెట్ల కింద బోర్డు. చూసింది నిమిషమే అయినా బొమ్మ చెయ్యి తిరిగినట్టే వచ్చింది. ఒక్కసారి చూసి ఎవరి చొక్కా అయినా కత్తిరించగల చెయ్యి అది.

అయిదింటికి భర్త వచ్చాడు. గోళ్ళలో గ్రీజు, భుజాన పనిముట్ల సంచి. చేతులు కడుక్కుని తువ్వాలు కోసం అటు తిరిగి, బల్ల మీద గుడ్డ చూశాడు.

"ఇదేం చొక్కా? నాలుగు చేతులు పెట్టావ్?" అని నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. ఆయన ఇంకొంచెం వంగాడు. నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, దాని వెనక ఉన్న మనిషి మాత్రం వెళ్ళిపోయినట్టు.

"ఎక్కడ చూశావ్?"

"దాచినాయన దగ్గరే."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తడి చేతుల్లోంచి నీళ్ళు నేల మీద బొట్లుబొట్లుగా పడుతున్నాయి.

"చెబుదామనుకున్నాను."

"ఎప్పుడు?"

"పదకొండో ఇంటి నుంచి వచ్చిన రోజు గుర్తుందా? నాన్న ఆటోలోనే ఉన్నాడు, పెదాలు నీలంగా అయిపోయాయి. అప్పుడు ఈయన పిలిచాడు. అడ్వాన్సు వద్దు, ఒక చిన్న పని చేసిపెట్టు చాలన్నాడు. కొత్త మీటరు వచ్చేదాకా రెండు నెలలేనన్నాడు. బొమ్మ గీసి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. రెండు నెలలయ్యాక తీసేస్తానంటే ఆ కాగితం చూపించాడు. తీస్తే నువ్వే పోతావన్నాడు."

"చీటీ వచ్చిన ప్రతిసారీ నేను ఫ్యాను ఆపేసుకుని కుట్టాను. చెమటకు సూది జారి వేలికి గుచ్చుకుంటే మీరే కట్టు కట్టారు. అప్పుడూ చెప్పలేదు."

"అందుకే కదా ఆదివారాలు కూడా డ్యూటీకి పోతోంది."

"అంటే ఆయన దుప్పట్లు ఆరబెట్టడానికి మనిద్దరం కలిసి కూలి చేస్తున్నామన్నమాట."

ఆయన తల దించుకున్నాడు. "నువ్వు రేపు కాగితం ఇస్తే నా లైసెన్సు పోతుంది. ఇవ్వకపోతే ఇదిగో, ఇట్లాగే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నేను మూడేళ్ళుగా ఆ నోట్లోనే ఉన్నాను. నువ్వు ఇవాళ వచ్చావ్."

తెర వెనక మంచం కిర్రుమంది.

"ఒరేయ్."

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ముసలాయన తెర పక్కకు లాగి, గోడకు చేరగిలి కూర్చుని ఉన్నాడు. ఒక్కో మాటకూ మధ్య మిషను ఊపిరి తోడుకుని ఇస్తోంది.

"ముప్ఫై ఏళ్ళు… బస్సు తోలాను. బ్రేకు పట్టడం లేదని తెలిశాక… బండి కదిలించకూడదురా. నువ్వు జనాన్ని… ఎక్కించుకుని తోలుతున్నావ్."

"జనమెవరు నాన్నా? మనమే కదా."

"మనమేనా?" ముసలాయన కొడుకు మొహంలోకి చూశాడు. "టిక్కెట్టు కొట్టకుండా… ఎవణ్ణైనా ఎక్కించుకుంటే… కండక్టరు మొహం చూస్తేనే చెప్పేసేవాణ్ణి. సరిగ్గా చెప్పు. మనమేనా?"

కొడుకు లేచి, బల్ల మీద సుద్దముక్క తీసుకున్నాడు. భార్య గీసిన బొమ్మ మీదికి వంగాడు.

"నీకు ఒక గీత కనపడలేదు," అన్నాడు. పెళ్ళాం మొహం చూడకుండా మూడో అంతస్తు గడి నుంచి ఒక గీత కిందికి లాగాడు. "నీళ్ళ మోటారు." ఆ గీతలోంచే ఇంకొకటి పక్కకు తీశాడు. "మెట్ల లైటు. రెండూ టీచరమ్మ మీటరు మీద."

బొత్తాలక్క ఆ రెండో గీత మీద వేలు పెట్టింది.

"మెట్ల లైటా?"

"ఊఁ."

"ఆవిడ ఇంట్లో లైటు ఆర్పేసి వచ్చి కూర్చుంటుందే, ఆ లైటా?"

"అందుకే ఆవిడ పక్కనుంచి వెళ్ళేటప్పుడు నేను తలెత్తను. నువ్వెప్పుడైనా చూశావో లేదో."

చూసింది. పెద్దవాళ్ళంటే మర్యాద అనుకుంది.

మామగారికి గాలి ఆడాలని వీధి తలుపు ఎప్పుడూ ఓరగా తీసే ఉంచుతారు. ఆ తలుపు ఇంకొంచెం తెరుచుకుంది. గుమ్మంలో టీచరమ్మ. ఒక చంకలో నోటుపుస్తకాల కట్ట, ఇంకో చేతిలో ఫారం. ఎంతసేపటి నుంచి అక్కడుందో అడగక్కర్లేదు, మొహమే చెప్పింది.

అరుస్తుందనుకున్నారు. అరిచినా బాగుండేది. ఆవిడ లోపలికొచ్చి, బల్ల దగ్గర నిలబడి, సుద్దగీతలను పిల్లల లెక్క దిద్దినట్టు ఒక్కొక్కటీ చూసింది.

"మోటారు సంగతి సరే," అంది చివరికి. "ఆ లైటు ఎప్పటినుంచి?"

"మూడేళ్ళండీ," అన్నాడాయన.

"చలికాలం మూడుసార్లు వచ్చింది. మోకాళ్ళు పట్టేస్తుంటే లేచి నడిచి, మళ్ళీ కూర్చునేదాన్ని. పొదుపు చేస్తున్నాననుకున్నాను." ఆవిడ గొంతు అక్కడ ఒక్కచోట చీలింది. వెంటనే సర్దుకుంది. "మధ్యాహ్నం నీకు తెలుసా అమ్మాయ్? నన్ను దాటి పైకొచ్చినప్పుడు?"

"మా సంగతి తెలుసు టీచర్ గారూ. మీది ఇప్పుడే తెలిసింది."

"అయినా అబద్ధం చెప్పావ్."

"చెప్పాను."

టీచరమ్మ ఫారాన్ని నల్ల గుడ్డ మీద పరిచింది. "ఇందులో ఒక ఖాళీ ఉండిపోయింది, అందుకే దిగి వచ్చాను. వైరింగు చేసినవారి పేరు. తెలియకపోతే తెలియదని రాయొచ్చన్నారు. అలాగే రాసేద్దామనుకున్నాను. ఇప్పుడు తెలుసు. అబద్ధం రాసిన కాగితం కింద నా సంతకం ఉండదు." ఎర్ర పెన్ను మూత తీసి బొత్తాలక్క వైపు చాపింది. "నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా?"

బొత్తాలక్క పెన్ను తీసుకుంది. ఫారం వైపు చూసింది, తెర పక్కన గొట్టంతో కూర్చున్న మామగారి వైపు చూసింది, భర్త గోళ్ళలో ఉన్న గ్రీజు వైపు చూసింది. ఎటు చూసినా గోడే. పెన్ను కాగితానికి ఆనించింది. మొదటి అక్షరం పడింది. రెండోది రాయడానికి చెయ్యి కదలలేదు.

ఆయన చెయ్యి వచ్చి ఆవిడ చేతి మీద పడింది. ఆపడానికనుకుంది.

"ఇటివ్వు," అన్నాడు. "నా పేరు నన్ను రాయనీ. నువ్వు రాస్తే ఎప్పటికీ నువ్వే రాసినట్టుంటుంది."

వంగి మిగతా అక్షరాలు రాశాడు. పక్కనే లైసెన్సు నంబరు, అడ్డగీత ఉన్న ఏడుతో సహా. రాశాక నిటారుగా నిలబడ్డాడు. మూడేళ్ళలో టీచరమ్మ మొహంలోకి ఆయన నేరుగా చూడటం అదే మొదటిసారి. మంచం మీద ముసలాయన కళ్ళు మూసుకుని, అవునన్నట్టు ఒక్కసారి తలూపాడు.

"లైసెన్సు పోతే పోనివ్వండి," అంది బొత్తాలక్క. "నాకు రెండు చేతులున్నాయి. మీకు రెండున్నాయి."

"రేపు ఇస్తే ఎన్నాళ్ళకు వస్తారట చూడటానికి?" అని అడిగాడాయన.

"వారంలోపు. కేంద్రం వాళ్ళు దీన్ని కరెంటాఫీసుకు పంపుతారు. అక్కడ విచారణ చేసే ఆయన పేరు వెనక వేసి ఇచ్చారు, ఇదిగో," అంటూ టీచరమ్మ ఫారం తిప్పింది. అడుగున నీలం రబ్బరు ముద్ర.

ఆయన ఆ పేరు చదివాడు. పెన్ను ఇంకా చేతిలోనే ఉంది. మళ్ళీ చదివాడు.

"ఏమైంది?" అంది బొత్తాలక్క.

"ఆ రోజు నేను బోర్డు దగ్గర పని చేస్తుంటే టార్చిలైటు పట్టుకుని పక్కన నిలబడ్డది ఓనరు కాదు," అన్నాడాయన నెమ్మదిగా. "అంతా అయ్యాక మీటర్లకు సీలు వేసి, నా భుజం తట్టి వెళ్ళింది ఈయనే."